రాళ్ల నడుమ ఖాళీ

2010 జూన్‌లో నన్ను మానుకోటకు వేశారు. కాగితాల మీద దాని పేరు మహబూబాబాద్. ఆ ఊళ్లో అలా అనేవాళ్లు తక్కువ. రేవుల నిర్మాణ విభాగంలో నేనప్పుడు డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుని. కింద అసిస్టెంట్ ఇంజనీర్లు, పైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, మధ్యలో మేము. పని బాగుంటే పేరు పైకి పోతుంది, చెడితే చీవాట్లు కిందికి దిగుతాయి. రెండూ మా మీదుగానే వెళతాయి. సముద్రపు గాలి కూడా సోకని మానుకోటలో రేవులవాడికి ఏం పని అని గూడ్సు ఆఫీసులో గుమాస్తా అడిగాడు. రాళ్లు ఏరుకోవడానికి వచ్చానన్నాను. ఆయన నవ్వాడు కాని, అది నిజం.

కోస్తాలో ఒక చేపల రేవుకు అప్పుడు అలల అడ్డుగట్టు కడుతున్నాం. తుఫాను కాలంలో పడవలు లోపలికి వచ్చి తలదాచుకోవడానికి సముద్రంలోకి చేయి చాపినట్టు రాళ్లతో వేసే గట్టు అది. అక్కడి కొండరాయి మెత్తది, ఉప్పునీళ్లలో నాలుగేళ్లకే పొరలు పొరలుగా లేచిపోతుంది. మానుకోట చుట్టుపక్కల గ్రానైటు క్వారీల దగ్గర మాత్రం గీత పడినవి, రంగు కలవనివి, పాలిష్‌కు పనికిరావని పక్కకు నెట్టేసిన దిమ్మెలు గుట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి. సముద్రానికి రంగుతో పనిలేదు. బరువు ఉండాలి, లోపల పగులు ఉండకూడదు. ప్రతి దిమ్మెనూ సుత్తితో కొట్టి చూడటం, ఖంగున మోగినదాన్ని వ్యాగనుకు ఎక్కించడం, బొంగురుగా పలికినదాన్ని అక్కడే వదిలేయడం నా డ్యూటీ.

మాది నెల్లికుదురు దగ్గర పల్లెటూరు. సముద్రాన్ని మొదటిసారి చూసింది ఉద్యోగంలో చేరిన రోజునే. ఆఫీసులో కోస్తా మిత్రులు "మీ సముద్రం ఎక్కడండీ, పాఖాల చెరువేనా?" అని ఆటపట్టించేవాళ్లు. "అదే. మీ సముద్రంలా తాగడానికి పనికిరానిది కాదు" అనేవాణ్ని. అందరం నవ్వుకునేవాళ్లం. తెలంగాణ ఉద్యమం ముదిరాక ఆ వేళాకోళం ఆగిపోయింది. నేను టీ బల్ల దగ్గరికి వెళితే మాటలు తగ్గేవి. వేళాకోళమే నయమనిపించింది నాకు.

అడ్డుగట్టు గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. గోడ అలను ఆపుతుందని చాలామంది అనుకుంటారు. నిలువు గోడ అలను ఆపదు, ఎదిరిస్తుంది. ఎదిరించడానికి చాలా బలం కావాలి. రాళ్ల గట్టు చేసే పని వేరు. అది అలను అలసిపోయేట్టు చేస్తుంది. లోపల గుండెలో చిన్నరాళ్లు, వాటి మీద మధ్యరకం పొర, అన్నిటికన్నా పైన మూడు నాలుగు టన్నుల కవచం రాళ్లు. ఈ కవచం గరుకుగా, ఎగుడుదిగుడుగా ఉండాలి. రాయికీ రాయికీ నడుమ సందులు ఉండాలి. మొత్తం పొరలో మూడో వంతుకు పైగా ఖాళీయే ఉంటుంది. అల వచ్చి ఆ సందుల్లో దూరి, తిరిగి, తనలో తను కొట్టుకుని, ఊపంతా పోగొట్టుకుని వెనక్కి జారుతుంది. సందులు లేకపోతే రెండు ప్రమాదాలు. నున్నటి వాలు మీద అల జర్రున పైకెక్కి గట్టు దాటి అవతల పడుతుంది. వెనక్కి పోయేటప్పుడు లోపల చిక్కుకున్న నీళ్లు బయటికి దారిలేక రాళ్లను కింది నుంచి తంతాయి. గట్లను పడగొట్టేది వచ్చే అల అని జనం అనుకుంటారు. నేను చూసినవాటిలో చాలావాటిని పడగొట్టింది పోయే అల.

బరువు లెక్క కూడా ఒకటుంది. అల ఎత్తు రెట్టింపైతే రాయి బరువు ఎనిమిది రెట్లు కావాలి. కొత్తగా చేరిన ఇంజనీర్లు దీన్ని మొదట నమ్మరు. ఒక్క తుఫాను చూశాక లెక్క వేయకుండానే నమ్ముతారు.

రాళ్లను క్రేను దించుతుంది కాని, గాలిలో వేలాడే రాయిని తిప్పి, గడ్డపారలతో కదిపి కూర్చోబెట్టేది మనుషులే. ఆ పనికి కోస్తాలో మనుషులు దొరకలేదు, అందరూ రొయ్యల చెరువుల మీద ఉన్నారు. కాంట్రాక్టరు నన్నడిగితే నేను సమ్మయ్య పేరు చెప్పాను. జనగామ దగ్గర తరిగొప్పుల వైపు మనిషి. మూడు తరాలుగా చెరువు కట్టలకు రాతి తాపడం చేసే ఇల్లు. అలుగు రాళ్లు పేర్చడంలో అతని చేతిని నేనే చూశాను. రెండు రాళ్ల మధ్య కత్తి మొన దూరదు. అంతకు ముందు ఏడాది వానలు సరిగా లేక చెరువు పనులు నిలిచిపోయాయి. సమ్మయ్య తన ఊరివాళ్లనూ, దంతాలపల్లి దగ్గరి తండా నుంచి భద్రు మనుషులనూ కలుపుకుని జట్టు కట్టాడు. తండావాళ్లు తమలో తాము తమ భాషలో మాట్లాడుకునేవాళ్లు, మాతో తెలుగు. జట్టుకు వంటా, పనిలో సగం పెత్తనమూ సమ్మయ్య భార్య లచ్చవ్వది.

రైలెక్కే ముందు సమ్మయ్య నాతో ఒక మాట అన్నాడు. "సారు, మా తాత, మా నాయిన చెరువులే జూసిండ్రు. నేను సముద్రం మీద కడుతున్న. గీ గట్టు నిలవడితే రెండో గట్టు గూడ మాకే ఇస్తమన్నడు కంట్రాక్టరు. ఇగ మావోళ్లు బొంబాయికి పోయే పని లేదు." అతను పెట్టుకున్న ఆశ అంతే. రెండో గట్టు కూడా వస్తే ఆ జట్టుకు మూడు నాలుగేళ్లు పని ఉంటుంది, పిల్లల చదువులు ఆగవు, అందరూ ఒకచోటే ఉంటారు. గట్టు కూలితే సముద్రం మీద వాళ్లకిక పని దొరకదు. ఇది నాకూ తెలుసు, అతనికీ తెలుసు.

గట్టు దగ్గర పని చూసుకునే అసిస్టెంట్ ఇంజనీరు ప్రసాద్‌ది కోనసీమ. మంచి పనిమంతుడు, మనసులో ఏమీ పెట్టుకోడు, నోట్లో కూడా ఏదీ దాచుకోడు. నేను మానుకోటలో రాళ్లు పంపుతుంటే అతను అక్కడ పేర్పించాలి. నక్షాల్లో అన్నీ ఉన్నాయి: వాలు, పొర మందం, ఖాళీ శాతం. ఖాళీ శాతం అనే మాట కూలివాళ్లకు చెప్పే మాట కాదు కనుక, సందులు వదలమని ప్రసాద్ జట్టుకు చెప్పాడు.

ఆగస్టు నుంచి నాకు మానుకోటలో కాలు కదపడానికి లేకుండా పోయింది. ఇవాళ బంద్, రేపు రైల్ రోకో, ఎల్లుండి రాళ్లు ఎక్కించే రైల్వే సైడింగులో హమాలీల సమ్మె. నా మనసు ఎటువైపో నేనెప్పుడూ దాచలేదు, కాని నా వ్యాగన్లు మాత్రం పట్టాల మీదే నిలిచిపోయాయి. ఒకరోజు పట్టాల మీద కూర్చున్న కుర్రాళ్లలో ఒకడు, మా ఊరి పక్కవాడే, నన్ను గుర్తుపట్టి అడిగాడు.

"సారు, గీ రాళ్లు ఆంధ్రకు పోతున్నయా?"

పనికిరాని రాళ్లే, క్వారీవాళ్లు పారేసినవే అన్నాను.

"పనికిరానియైనా మనయే గద" అన్నాడు. అతను చెప్పింది తప్పని అనలేను, వ్యాగను కదలకుండా గట్టు నిలబడుతుందనీ అనలేను.

అక్టోబరు మధ్యలో బస్సులు మారుతూ కోస్తాకు చేరాను. గట్టు మీదికి వెళ్లి చూసి అలాగే నిలబడిపోయాను. అంత అందమైన అడ్డుగట్టు నా సర్వీసులో చూడలేదు. నీటి మట్టం నుంచి పైకి మొత్తం ఇంటి ముందు బండపరుపులా ఉంది. ఒక్కో దిమ్మె అంచు చెక్కి, పక్కదానికి ఆనించి, సందులో చిప్పరాళ్లు కొట్టి బిగించారు. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు దాని మీద నిలబడి ఫొటో కూడా దిగాడట. చూడటానికి వచ్చిన చేపలవాళ్లు పిల్లల్ని దాని మీద పరుగెత్తించారట. సమ్మయ్య తల ఎత్తి నా ముఖంలోకి చూస్తున్నాడు, మెప్పు కోసం. నేను మాత్రం సందుల కోసం వెతుకుతున్నాను, రాయికీ రాయికీ నడుమ వేలు దూరే చోటు లేదు.

దానికి తోడు రాళ్లూ అయిపోయాయి. బిగించి పేరిస్తే అంతే చోటుకు రాయి ఎక్కువ పడుతుంది. నా వ్యాగన్లు రాలేదు, ఉన్న రాళ్లు అనుకున్నదానికన్నా ముందే ఖర్చయ్యాయి. గట్టు కొస దగ్గర, అంటే సముద్రం మొదట కొట్టేచోట, కవచం పలచగా ఉంది.

ప్రసాద్‌ను అడిగాను. అతని మీద అప్పటికే చాలా ఒత్తిడి ఉంది. "నేను చెప్పానండీ, ఒకసారి కాదు, పదిసార్లు చెప్పాను. వింటేగా! పైవాళ్లొచ్చి బాగుంది బాగుంది అన్నాక ఇక నా మాట ఎవరు వింటారు?" అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. జట్టు అంతా చుట్టూ నిలబడి ఉండగా, "చెరువు గట్లు కట్టుకునేవాళ్లని తెచ్చి సముద్రం మీద పెడితే ఇలాగే ఉంటుందండీ" అన్నాడు.

ఇంకో ఏడాదైతే ఆ మాటను నవ్వి వదిలేసేవాళ్లు. ఆ ఏడాది అది కుదరదు. లచ్చవ్వ చేతిలోని తట్ట కింద పెట్టి, "చెరువు కట్ట కట్టుడు నీకు గంత అల్కగ కనవడ్తున్నాదా సారు? ఒక్కటి కట్టి సూపియ్యి" అంది. భద్రు తమ భాషలో ఏదో అన్నాడు, తండావాళ్లంతా గడ్డపారలు రాళ్ల మీద పెట్టేసి గట్టు దిగిపోయారు. ప్రసాద్ ముఖం పాలిపోయింది. మాట జారాక అతనికి తెలిసింది, కాని మన్నించమని అడిగే వాతావరణం కాదు.

సాయంత్రం సమ్మయ్య దగ్గరికి నేనొక్కణ్నే వెళ్లాను. రేకుల షెడ్డు ముందు కూర్చుని బీడీ తాగుతున్నాడు. గట్టు కొస నుంచి రాళ్లు పీకి మళ్లీ వదులుగా పేర్చాలని చెప్పాను. అతను బీడీని నేలకు రాసి ఆర్పాడు. తర్వాత అన్నది నాకు ఇప్పటికీ మాట మాటగా గుర్తుంది.

"సారు, సందులిడిసి పేర్చుడంటే మా దిక్కు దొంగపని. చెరువు కట్ట మీద టేపేసి కొలిచి పైసలిస్తరు. సందులిడిస్తె రాయి తక్కువ పడ్తది, కొలత మాత్రం అంతే వస్తది. గసొంటి పని మా నాయిన చెయ్యలె, నేను చెయ్య. ఆ సారు సందులు ఇడువుమంటే నేనేమనుకున్ననంటే, మనతోని దొంగపని చేయించి, రేపు తెలంగాణోళ్లు దొంగలని పేపర్లల్ల రాపిస్తరని. అందుకే ఇంకింత బిగిచ్చి కట్టిన. ఎవ్వడొచ్చి జూసినా ఏలు పెట్టి సూపెట్ట సందు లేకుండ."

నాకు కోపం రాలేదు, నవ్వూ రాలేదు. ఆ మనిషి తన నిజాయితీతోనే గట్టు చెడగొట్టాడు. చెరువు కట్ట మట్టిది. రాతికి సందు ఉంటే అల ఆ సందులోంచి మట్టిని లాగేస్తుంది, అందుకని బిగించడమే సరైనది. కట్ట మీద సందు వదిలేవాడు నిజంగా దొంగే. అతను పుట్టి పెరిగిన పనిలో ఉన్న న్యాయం అది. ఇక్కడ రాతి వెనక మట్టి లేదు, రాయే ఉంది. ఈ తేడా ఎవరూ అతనికి చెప్పలేదు. మేమంతా సందులు వదలమన్నాం. ఎందుకు వదలాలో చెప్పలేదు. ఇంజనీర్లు ఆదేశాలు రాస్తారు, కారణాలు తమ దగ్గరే ఉంచుకుంటారు. ఇది మా వృత్తిలో ఉన్న అలవాటు, దానికి ప్రాంతభేదం లేదు.

మర్నాడు సముద్రం పోటు మీద ఉండగా అతణ్ని గట్టు కొసకు తీసుకెళ్లాను. కవచం పలచబడి ఇంకా బిగించని చోట, రాళ్ల సందులో చేయి పెట్టమన్నాను. అల వచ్చినప్పుడు లోపలి నుంచి గాలి వేళ్లకు తగిలి బుసకొట్టింది, అల పోయాక నీళ్లు చల్లగా జారిపోయాయి. తర్వాత బిగించిన చోటికి వచ్చాం. అల పోయేటప్పుడు చూడమన్నాను. దిమ్మెల మధ్య కొట్టిన చిప్పరాళ్లు లోపలి నీటి తోపుకు టపటపా బయటికి ఎగిరిపడ్డాయి. గీతలాంటి అతుకుల్లోంచి నీళ్లు పిచికారీలా చిమ్మాయి. సమ్మయ్య మోకాళ్ల మీద కూర్చుని ఎన్ని అలలు చూశాడో నేను లెక్కపెట్టలేదు.

"ఎనక నుంచి నూకుతున్నది" అన్నాడు చివరికి. "మనం ముంగట నుంచి ఆపుతున్నం, అది ఎనక నుంచి నూకుతున్నది."

ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. ఆ మధ్యాహ్నమే జట్టును తిరిగి పిలిచాడు. తండావాళ్లను ఒప్పించడానికి భద్రును కూడా తీసుకెళ్లి అదే చోట కూర్చోబెట్టి చూపించాడట. మర్నాటి నుంచి కొస దగ్గర మొదలుపెట్టి దిమ్మెలు పీకడం, ఒక్కోటీ మూడు చోట్ల పక్క రాళ్లకు ఆనేలా గరుకుగా కూర్చోబెట్టడం సాగింది. పీకిన చోట రాయి మిగిలింది, అది పలచగా ఉన్న కొసకు సరిపోయింది. ఎంత వేగంగా నేర్చుకున్నారంటే, వారం తిరిగేసరికి నేను చెప్పాల్సిన అవసరం లేకుండా సమ్మయ్యే ఒక్కో దిమ్మె చూసి "గిది ఊగుతది, తిప్పున్రి" అంటున్నాడు. ప్రసాద్ పక్కన నిలబడి చూసేవాడు. ఒకరోజు అతనే టీ తెప్పించి సమ్మయ్యకు గ్లాసు అందించాడు. సమ్మయ్య తీసుకున్నాడు. లచ్చవ్వ మాత్రం తీసుకోలేదు.

మాకు కావలసింది ఇంకొంచెం వ్యవధి. కార్తీకంలో బంగాళాఖాతంలో వాయుగుండం బలపడిందని హెచ్చరిక వచ్చింది. రేవులో ప్రమాద సూచిక ఎగరేశారు. అలాంటప్పుడు గట్టు మీద క్రేను ఉంచకూడదు, మనిషి ఉండకూడదు. అప్పటికి కొస వైపు గరుకుగా మార్చిన భాగం అయ్యింది, మధ్య భాగం ఇంకా బిగించినదే. రెండూ కలిసే చోట పీకడం మొదలుపెట్టిన దిమ్మెలు కొన్ని ఆనుడు లేకుండా ఉన్నాయి. ఉన్న చిన్నరాళ్లు తెచ్చి ఆ చోటు నింపాం. అది సరిపోదని అందరికీ తెలుసు. సమ్మయ్య ఇంకొక్క పూట ఆగుదామన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు, ఇప్పటికీ లేదు.

తుఫాను వెళ్లిపోయాక గట్టు మీదికి నడిచాం. కొస చెక్కుచెదరలేదు. రెండు మూడు దిమ్మెలు పక్కకు దొర్లి ఇంకా గట్టిగా కూరుకున్నాయి. కలిసే చోటు నుంచి మధ్య దాకా కవచం లేదు. దిమ్మెలు వాలు కింద నీళ్లలో పడి ఉన్నాయి, లోపలి గుండె రాళ్లు కొట్టుకుపోయి గట్టుకు పెద్ద గండి పడింది. ఆ గండిలోంచి వచ్చిన అలలకు లోపల లంగరు వేసిన పడవలు ఒకదాన్నొకటి గుద్దుకుని కొన్ని ముక్కలయ్యాయి. మనుషులెవరికీ ఏమీ కాలేదు.

కదపకుండా వదిలేస్తే ఆ గట్టు నిలిచేదా అని తర్వాత చాలామంది నన్ను అడిగారు. నిలిచేది కాదన్నాను. రుజువు చేయమంటే చేయలేను. సముద్రం ఒకే తుఫానును రెండోసారి పంపి చూపించదు.

సమ్మయ్య గండి అంచున నిలబడి ఒకసారి అటు, ఒకసారి ఇటు చూశాడు. అతను ఏడుస్తాడనుకున్నాను. అతని కళ్లలో కనిపించింది ఏడుపు కాదు. "సారు, సూడున్రి, మనం మార్చిన కాడికి నిలవడ్డది" అన్నాడు. "ఇగ నాకు మంచిగ ఎర్కయ్యింది. గిది నాకే ఇయ్యున్రి. మళ్ల కడ్త. రెండో గట్టు ఇయ్యకున్నా మంచిదే, గిది మాత్రం నేనే కట్టాలె."

అతని కోసం నేను చేయగలిగింది చేశాను. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ముందు విషయం అంతా పెట్టాను. ఈ తీరంలో కవచం రాళ్లకు సందు ఎందుకు కావాలో కళ్లారా చూసి తెలుసుకున్న రాతిపనివాళ్లు వీళ్లే, కొత్తవాళ్లను తెస్తే మళ్లీ మొదటి నుంచి నేర్పాలి అన్నాను. ఆయన చెడ్డమనిషి కాడు. నేను చెప్పిందంతా విని, "మీ వాళ్లు కనుక మీరు వెనకేసుకొస్తున్నారు. నేనైనా అంతే చేస్తాను" అన్నాడు. అంటే నేను ఇంజనీరుగా చెప్పిన మాట ఆయనకు మానుకోట మాటగా వినబడింది. అదే మాట కోనసీమ నోటి నుంచి వస్తే నిలిచేది. అందుకని సమావేశానికి ముందు ప్రసాద్‌ను అడిగాను, నువ్వు చెప్పు, నీ మాట వింటారు అని. సరేనన్నాడు. తీరా సమావేశంలో తల వంచుకుని బల్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. తెలంగాణ వాళ్ల తరఫున మాట్లాడితే అతణ్ని కూడా టీ బల్ల దగ్గర ఒంటరిని చేసేవాళ్లు. అతని మీద నాకు కోపం లేదు. బాధ ఉంది, అది వేరు.

రేపు బంద్ అంటే జట్టు పనికి వస్తుందో రాదో, ఊళ్లో ఏదైనా గొడవైతే ఎవరు బాధ్యులు, అని కూడా ఎవరో అన్నారు. నైపుణ్యం లేని కూలీల వల్ల పేర్పు చెడిందని నివేదికలో రాశారు. ఆ మాట తీసేయమని అడిగాను. తీయలేదు. జట్టును వెనక్కి పంపమని ఆదేశం వచ్చింది.

స్టేషనులో వాళ్లను రైలెక్కించడానికి నేనూ వెళ్లాను. పగటి బండి. లచ్చవ్వ గిన్నెలు మూట కట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది, నా వైపు చూడలేదు. భద్రు మనుషులు గడ్డపారలు గోనెపట్టాలో చుట్టి బెంచీ కిందికి తోశారు. సమ్మయ్య ప్లాట్‌ఫాం మీదే నిలబడి అడిగాడు.

"ఇగ ఎవలు కడ్తరు సారు?"

తెలియదు, ఎవరో కొత్తవాళ్లు వస్తారన్నాను.

"వచ్చినోళ్లకు సందులు ఇడువుమని చెప్పకున్రి" అన్నాడు. "ఎందుకు ఇడువాల్నో జెప్పున్రి. ఇడువుడు ఆళ్లే ఇడుస్తరు."

బండి కదిలింది. తర్వాత అతను రాతిపని మానేసి భూపాలపల్లి వైపు బొగ్గు గనుల్లో మట్టి తీసే పనికి పోయాడని విన్నాను. జట్టు చెదిరిపోయింది. కొందరు అతను భయపడినట్టే బొంబాయి పోయారు. వెళ్లి కలుద్దామని చాలాసార్లు అనుకున్నాను, వెళ్లలేదు. కలిసి ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

మరుసటి ఏడు కొత్త జట్టు వచ్చింది. వేరే రాష్ట్రం వాళ్లు, మంచి పనివాళ్లు. మొదటి రోజు వాళ్లను గట్టు కొసకు తీసుకెళ్లి సందులో చేయి పెట్టించి, సమ్మయ్య చెప్పమన్నట్టే కారణం చెప్పి, తర్వాతే రాయి చూపించాను. అయినా మొదట్లో పేర్చినదాన్ని పీకించి మళ్లీ పేర్పించాల్సి వచ్చింది. విన్నదానికీ చూసినదానికీ అంత తేడా ఉంటుంది. తాము కట్టినది తుఫానుకు కూలడం వాళ్లు చూడలేదు, వాళ్లకు నా మాట ఒక్కటే ఉంది. ఎలా పేర్చాలి అని అడిగితే గట్టు కొస చూపించి, అలా అని చెప్పేవాణ్ని. అది ఎవరు పేర్చారని వాళ్లు అడగలేదు. గట్టు పూర్తయింది, ఇప్పటికీ నిలిచి ఉంది.

ముప్పై ఏళ్ల సర్వీసులో రాళ్ల గురించి నేర్చుకున్నవి చాలా ఉన్నాయి, అవి పుస్తకాల్లో దొరుకుతాయి. ఈ పని నుంచి తెలిసింది వేరు. పని చెడిందని ఒకణ్ని పంపేసే ముందు, చెడటం వల్ల అతను ఏం నేర్చుకున్నాడో అడగాలి. ఆ నేర్పుకు అయిన ఖర్చు అప్పటికే పెట్టేసి ఉంటాం. మనిషిని పంపేస్తే అది కూడా అతనితోనే పోతుంది. మేం సమ్మయ్యను అడగలేదు. అడగకపోయినా అతనే చెప్పాడు, గండి అంచున నిలబడి. అప్పుడూ మేం వినలేదు.